గురువు లేని ఆట

2025వ సంవత్సరము సెప్టెంబరు మాసమున స్విట్జర్లాండులోని బీల్ నగరమున మన టెన్నిసు జట్టు డేవిస్ కప్పు పోటీలో ఆ దేశపు జట్టును 3-1 లెక్కన ఓడించినది. ఐరోపా గడ్డమీద ఐరోపా జట్టును మనవారు గెలుచుట 1993లో ఫ్రాన్సును గెలిచిన పిమ్మట అదియే మొదటిసారి. ఆ మూడు గెలుపులలో రెండు సుమిత్ నాగల్ అను యువకునివి. పఠనమందిరములలో పత్రికలు తిరుగవేయు మన సోదరులు ఆ వార్తను చదివి ఉప్పొంగియుందురు. మేమును ఉప్పొంగితిమి. అయితే ఆ సంతోషవార్త అడుగున మరియొక వార్త మరుగుపడియున్నది. ఆ పోటీ జరుగునాటికి ఈ యువకుని ప్రపంచస్థానము 200కు వెలుపల నెక్కడనో యుండెను. అంతకు పదునాలుగు నెలల పూర్వము, 2024 జూలైలో, ఇతడే 68వ స్థానమున నుండినవాడు. ఏడాది తిరుగునంతలో అంత యెత్తునుండి అంత లోతునకు జారినవాడు, రెండు దినములలో ఇద్దరిని ఓడించి దేశమును గెలిపించెను. ఇతనికి ఆట రాదని యెవరనగలరు? వచ్చిన ఆట నిలువకుండుట ఏ కారణముచేత?

ఆటగాడు ఓడుట మొదలుపెట్టగానే మనలో విమర్శకులు పుట్టుకొనివచ్చెదరు. గుండెనిబ్బరము చాలదని యొకరు, కీర్తి తలకెక్కినదని యొకరు, దేశాభిమానము లేదని మరియొకరు తీర్పులు చెప్పెదరు. సాక్ష్యము విచారింపక తీర్పు చెప్పుట న్యాయస్థానములలో చెల్లదు; కాఫీ హోటళ్లలో మాత్రము చెల్లుచున్నది. మేము సాక్ష్యమును పరిశీలించితిమి. మాకు తోచిన మాట యిది: ఈ యువకునికి కొరత ప్రతిభ కాదు, పట్టుదల కాదు. తప్పు జరిగిన నాడే తప్పని చెప్పి, దిద్దునంతవరకు ప్రక్కన నిలిచియుండు గురువు అతనికి స్థిరముగా అమరలేదు. అమర్చవలసిన బాధ్యత అతని యొక్కనిది కాదు; మన అందరిది.

అతని వృత్తాంతమును గమనింపుడు. హర్యానా రాష్ట్రమున ఝజ్జర్ జిల్లాలోని జైత్‌పూర్ అను పల్లెలో 1997లో ఒక ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుని యింట పుట్టెను. పదియేండ్ల ప్రాయమున మహేశ్ భూపతి గారి కంట బడెను. 2018 నాటికి భారతదేశమునుండి గ్రాండ్‌స్లామ్ సింగిల్సు విజేతను తయారు చేయవలెనను సంకల్పముతో భూపతి గారు ఒక టైర్ల కంపెనీ ధనసహాయమున బాలురను ఏరి శిక్షణ మొదలిడిరి. తలచిన గడువు పదియేండ్లు. రెండేండ్లు గడచునంతలో ఆ పథకము ఆగిపోయినది. పిమ్మట కూడ భూపతి గారు ఈ బాలుని విడువక ఆదుకొనిరి. అది వారి ఔదార్యము. దేశపు ఏర్పాటు కాదు. తరువాత బాలుడు గురువును వెదకుకొనుచు కెనడాకు పోయెను, జర్మనీకి పోయెను. 2015లో ఒక వియత్నాం బాలునితో జతకట్టి వింబుల్డన్ బాలుర డబుల్సు గెలిచెను. 2019లో అమెరికా ఓపెన్ పోటీలో రోజర్ ఫెదరర్‌ను ఎదుర్కొని మొదటి సెట్టును 6-4గా గెలుచుకొనెను. తక్కిన మూడు సెట్లును ఫెదరర్ గెలిచెను గాని, ఆ రాత్రి లోకము ఈ కుర్రవాని పేరడిగి తెలిసికొన్నది. 2021లో టోక్యో ఒలింపిక్సులో ఒక పందెము గెలిచెను. ఒలింపిక్ సింగిల్సులో భారతపురుషుడు గెలుచుట 1996లో లియాండర్ పేస్ తరువాత, 25 సంవత్సరములకు, అదియే.

ఆ యేడే అతని తుంటికి శస్త్రచికిత్స జరిగినది. ఆడనివానికి పాయింట్లు లేవు. 2022లో స్థానము 500 దాటి దిగజారెను. మరల లేచి ఆడుచు, 2023 సెప్టెంబరులో అతడు పత్రికలవారికి చెప్పిన లెక్కను చదివి మేము తలవంచుకొంటిమి. బ్యాంకు ఖాతాలో మిగిలినది 900 యూరోలు, అనగా మన నాణెమున సుమారు 80,000 రూపాయలు. ఒక్క శిక్షకుని వెంటబెట్టుకొని యేడాది పొడవున దేశదేశములు తిరిగి ఆడుటకు 80 లక్షలనుండి కోటి రూపాయలవరకు అగుచున్నది. దేహచికిత్సకుని ఖర్చు అందులో చేరలేదు. గెలిచిన బహుమతి సొమ్ము, ఇండియన్ ఆయిల్ సంస్థవారిచ్చు జీతము, మహా టెన్నిస్ ఫౌండేషన్ వారి సాయము సమస్తము ఆటలోనే పోసెను. అయినను ఆ యేడు మొదటి మూడు నెలలు, జర్మనీలో తాను చిరకాలముగా సాధన చేయుచున్న విద్యాలయమున నుండుటకు సొమ్ము చాలకపోయెను. మిత్రులిద్దరు, అందొకరు మన పూర్వపు ఆటగాడు సోమ్‌దేవ్ దేవవర్మన్, చేయిచ్చి ఆదుకొనిరి. ఆనాటికి ఇతడు సింగిల్సులో భారతదేశమునకు మొదటివాడు! మొదటివాని గతి యదియైనచో పదవవాని గతి యేమి?

ఈ ఆటయొక్క వ్యవస్థ ఎరుగని పాఠకులకొరకు ఒక సంగతి వివరింపవలసియున్నది. టెన్నిసులో ఆటగాని స్థానము గడచిన 52 వారముల పాయింట్లమీద నడచును. నిరుడు గెలిచిన పాయింట్లు ఈ యేడు ఆ వారము రాగానే రాలిపోవును. మరల గెలిచినగాని నిలువవు. గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్సులో 128 మందికి చోటు గలదు. అందు స్థానబలముచేత నేరుగా ప్రవేశించువారు సుమారు 104 మంది. ఆ గీతకు పైనున్నవానికి మొదటి పందెములోనే ఓడినను సంవత్సరపు ఖర్చులో పెద్ద భాగము చేతికి వచ్చును. గీతకు దిగువ నున్నవాడు చాలెంజర్లను చిన్న పోటీలలో వారమెల్ల ఆడి గెలిచినను, విమానపు ఛార్జీలును, వసతి ఖర్చులును పోగా మిగులునది స్వల్పము. కావున ఆట తగ్గినచో స్థానము తగ్గును; స్థానము తగ్గినచో రాబడి తగ్గును; రాబడి తగ్గినచో మొదట వదులుకొనవలసి వచ్చునది శిక్షకుని; శిక్షకుడు పోయినచో ఆట మరింత తగ్గును. ఇది సుడిగుండము. ఈత వచ్చినవాడును అందులో ఒంటరిగా తేలలేడు. ఒడ్డునుండి త్రాడు విసరువా రుండవలెను.

త్రాడు కొంత అందిననాడు ఏమయ్యెనో చూడుడు. 900 యూరోల మాట బయటపడిన పిమ్మట కొందరు సహాయమునకు ముందుకు వచ్చిరి. నాలుగు నెలలకు, 2024 జనవరిలో, ఆస్ట్రేలియా ఓపెన్ మొదటి పందెమున 31వ సీడైన అలెగ్జాండర్ బూబ్లిక్‌ను వరుస సెట్లలో ఓడించెను. గ్రాండ్‌స్లామ్ సింగిల్సులో సీడు పొందినవానిని భారతపురుషుడు ఓడించుట, 1989లో అదే పోటీలో రమేశ్ కృష్ణన్ గారు మాట్స్ విలాండర్‌ను ఓడించిన తరువాత అదియే. రెండవ పందెములో ఓడిపోయినను ఆ పోటీనుండి అతని వంతుకు 1,80,000 ఆస్ట్రేలియా డాలర్లు వచ్చినవి. అనగా ఒక శిక్షకునితో ఒక సంవత్సరము తిరుగుటకు వలసిన ధనము ఒక్క పూట ఆటతో సంపాదించెను. మరుసటి నెలలో చెన్నై పోటీ గెలిచి మొదటి నూరుగురిలో చేరెను. జూలైకి 68వ స్థానమునకు ఎక్కెను. తరువాత మరల జారెను. ఎక్కుట అతని శక్తిని తెలుపుచున్నది. మరల మరల జారుట అతని ఒంటరితనమును తెలుపుచున్నది.

గురువు చేయు పని యేమని కొందరడుగవచ్చును. ఇరువది యేండ్లు ఆడినవానికి ఇంకను నేర్పువాడేల? మేము న్యాయవాదులము గనుక మాకు తెలిసిన ఉపమానము చెప్పెదము. ఎంతటి వకీలైనను తన సొంత వ్యాజ్యెము వచ్చినప్పుడు మరియొక వకీలునకు వకాలతు ఇచ్చును. అతనికి చట్టము రాక కాదు. తన పక్షపు బలహీనత తన కంటికి కానరాదు గనుక. టెన్నిసులో ఇది అక్షరాల నిజము. సర్వీసు చేయునపుడు ఆటగాడు బంతిని పైకెగురవేయును. ఆ బంతి నాలుగంగుళములు వెనుకకు పడినచో నడుము అతిగా వంగును, బలము సన్నగిల్లును, బంతి గురి తప్పును. కొట్టువాని కన్ను బంతిమీద నుండును గాని తన భుజముమీద నుండదు. అతనికి తెలియునది సర్వీసు పడుట లేదని మాత్రమే. రెండు వారములు వరుసగా ఓడినచో తన ఫోర్‌హాండునే అనుమానించును. బాగుగానున్న దెబ్బను దిద్దబోయి పాడుచేసికొనును. ప్రక్కన తెలిసినవాడున్నచో, ఫోర్‌హాండు జోలికి పోకుము, బంతి ఎగురవేయుట చూచుకొనుమని ఒక్క మాట చెప్పును. ఆ ఒక్క మాట సమయమునకు దొరకక ఒక సంవత్సరము వ్యర్థమైపోవుట గలదు. ఏ పోటీకి పోవలెను, ఏ వారము విశ్రమింపవలెను, నొప్పియున్న కాలితో ఆడవలెనా మానవలెనా యను నిర్ణయములును గురువువే. డబ్బు తక్కువైన ఆటగాడు నొప్పితోనే ఆడును, చెప్పువాడు లేడు.

కురుక్షేత్రమున అర్జునునకు గాండీవమే కాక సారథి కూడ గలడు. కర్ణునికి విద్య తక్కువయా? లేదు. కాని రథముమీద కూర్చుండినవాడు శల్యుడు. అడుగడుగున తేజోవధ చేసినవాడు. గెలుపోటములు విల్లుచేతనే కాక ప్రక్కన నున్నవాని నోటిచేతను నిర్ణయమగునని మన పెద్దలు ఏనాడో యెరుగుదురు. పాశ్చాత్యులు ఈ సత్యమును ఆలస్యముగా ఒప్పుకొనిరి. పందెము నడచుచుండగా శిక్షకుడు ఆటగానితో మాటలాడరాదను కట్టుబాటు ఈ ఆటలో బహుకాలము సాగినది. 2022లో పురుషుల పోటీలలో దానిని ప్రయోగముగా సడలించిరి. 2025 ఆరంభమునుండి అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య తన నిబంధనలలోనే అనుమతి చేర్చెను. దీని ఫలము మనవారు యోచించిరా? గురువున్నవానికి కోర్టుమీద రెండు బుద్ధులు, లేనివానికి ఒక్కటే. నిన్నటివరకు బీదవాని కొరత సాధనకాలమున మాత్రమే. నేడు పందెపు మధ్యను కూడ.

మన టెన్నిసు చరిత్ర తిరుగవేసినను ఇదే సాక్ష్యము. రామనాథన్ కృష్ణన్ గారు 1954లో వింబుల్డన్ బాలుర పోటీ గెలిచి, 1960లోను 1961లోను పెద్దల పోటీలో సెమీఫైనలు చేరిరి. వారి గురువు తండ్రియైన టి. కె. రామనాథన్ గారు. ఆ కృష్ణన్ గారే తమ కుమారుడు రమేశునకు గురువు. హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా 2005లో స్వస్థలముననే మహిళల సింగిల్సు పోటీ గెలిచి, అట్టి బిరుదము పొందిన మొదటి భారతస్త్రీ యయ్యెను. 2007లో 27వ స్థానమునకు ఎక్కెను. ఆమెవెంట తండ్రి ఇమ్రాన్ మీర్జా గారు శిక్షకులై నిలిచిరి. స్పెయిను వీరుడు రాఫేల్ నడాల్‌కు బాల్యమునుండి 2017వరకు గురువు పినతండ్రియైన టోనీ. లియాండర్ పేస్‌కు మద్రాసులో అమృతరాజ్ సోదరుల విద్యాలయము దొరకినది. కావున తండ్రియో బంధువో దాతయో గురుస్థానమున దొరకినవాడు పైకి వచ్చెను. పుట్టుకచేతనో అదృష్టముచేతనో గురువు దొరకవలెనన్నచో, అది దేశము నడుపు విద్య కాదు, లాటరీ.

గురువు చేరుటచేత కలుగు భేదమును బ్రిటిషువారి చరిత్ర చూపుచున్నది. ఆండీ మర్రే మూడు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లు ఓడిన పిమ్మట, 2011 కడపటి దినములలో ఇవాన్ లెండిల్‌ను గురువుగా వరించెను. లెండిల్ తానును మొదటి నాలుగు ఫైనళ్లు ఓడి, తరువాత విజేతయైనవాడు. ఓటమి రుచి యెరిగినవాడు. 2012లో మర్రే ఒలింపిక్ స్వర్ణమును, అమెరికా ఓపెనును గెలిచెను. 2013లో వింబుల్డన్ గెలిచి, 1936నాటి ఫ్రెడ్ పెర్రీ పిమ్మట 77 సంవత్సరముల వారి కొరత తీర్చెను. అయితే ధనమొక్కటే చాలునని పాఠకులు తలపరాదు. అదే దేశమున ఎమ్మా రాడుకాను అను బాలిక 2021లో 18 యేండ్ల ప్రాయమున అర్హత పోటీలనుండి వచ్చి, ఒక్క సెట్టును కోల్పోక అమెరికా ఓపెన్ గెలిచినది. అట్లు గెలిచినవారు అంతకు పూర్వము లేరు. ఆ విజయమునకు తోడుండిన శిక్షకుని ఆ నెలలోనే విడిచినది. తరువాతి నాలుగేండ్లలో అరడజనుమంది శిక్షకులు మారిరి. గాయములును బాధించినవి. ఆమెకు ధనము కొరత కాదు, నిలుకడ కొరత. గురువును కొనవచ్చును గాని గురుశిష్యసంబంధమును కొనరాదు. అది కాలముచేత పండవలెను. కావున మేము కోరునది ఒక యేటి విరాళము కాదు. కొన్ని యేండ్ల నిశ్చింత.

ఇప్పుడొక కఠినమైన విషయమునకు వచ్చెదము. 2024 సెప్టెంబరులో స్వీడనుతో జరిగిన డేవిస్ కప్పు పోటీకి నాగల్ వెన్నునొప్పి కారణము చెప్పి పోలేదు. మనవారు 0-4గా ఓడిరి. పిమ్మట, దేశమునకు ఆడుటకై ఇతడు ఏటికి 50,000 డాలర్లు అడిగెనని అఖిల భారత టెన్నిసు సంఘమువారు బయటపెట్టిరి. తమ పనికి ప్రతిఫలము పొందుట ఆటగాండ్రలో లోకమంతట నున్న ఆచారమేయని ఆతడు బదులు చెప్పెను. దేశముపేర జీతమడుగుటయా యని అనేకులు మండిపడిరి. మేమును మొదట నొచ్చుకొంటిమి. జీతము లేని సేవ యెట్టిదో మేమెరుగుదుము. స్వచ్ఛంద సేవకులముగా ఊరూర తిరిగినవారమే. కాని మేము తిరిగిన దినములలో మా యింట పొయ్యి వెలిగించుటకు వకీలు వృత్తి యుండెను. ఈ యువకునికి ఆటయే వృత్తి, ఆటయే వ్యవసాయము. అదియు ముప్పదియైదేండ్లకు ముగియు వ్యవసాయము. విత్తనములియ్యక, ఎరువియ్యక, పంటనాడు మాత్రము పొలముగట్టున నిలిచి దేశభాగము కొలువుమనుట న్యాయమా? దేశమునకు ఆడుట అతని ధర్మమే. దానిని మేము తక్కువ చేయము. ధర్మము రెండు ప్రక్కల గలదని మాత్రము చెప్పుచున్నాము. టోక్యోలో గెలిచిన తరువాతను ప్రభుత్వపు ఒలింపిక్ సహాయపు పట్టికలో తనకు చోటు లేదని 2023లో ఆతడు వాపోయెను. ఆనాడు ఎవరును మండిపడలేదు.

మనము గురువుల నెంత గౌరవించితిమో ప్రభుత్వపు బిరుదములే చెప్పుచున్నవి. ఆటగాండ్ర కిచ్చు అర్జున పురస్కారము 1961లో ఏర్పడినది; ఆ మొదటి యేడే టెన్నిసునకు రామనాథన్ కృష్ణన్ గారిద్వారా అది లభించినది. గురువుల కిచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో ఏర్పడినది. టెన్నిసు గురువున కది మొదటిసారి లభించినది 2020లో, తొంబది యేండ్లు దాటిన నరేశ్ కుమార్ గారికి, జీవితకాల సేవ పేరిట. 1990లో పదునారేండ్ల లియాండర్‌ను డేవిస్ కప్పు జట్టులోనికి తెచ్చిన నాయకుడు ఆయనయే. 35 సంవత్సరములు మనకు టెన్నిసులో ద్రోణుడు కనబడలేదు! శిష్యుని మాత్రము అర్జునుడవు కమ్మని ఆజ్ఞాపించుచుంటిమి. గురువు లేని విద్య గ్రుడ్డి విద్యయను సామెత మన నాలుకలమీద నున్నది. మన లెక్కలలో లేదు.

మన తెలుగునాటి సంగతి వేరు కాదు. విశాఖపట్టణపు సాకేత్ మైనేని ఆట దిద్దుకొనుటకు అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమునకు పోవలసివచ్చెను; తిరిగివచ్చి 2014 ఆసియా క్రీడలలో సానియాతో కలసి దేశమునకు మిక్స్‌డ్ డబుల్సు స్వర్ణము తెచ్చెను. బీల్ విజయములో మూడవ గెలుపు తెచ్చిన తమిళ యువకుడు దక్షిణేశ్వర్ సురేశ్ కూడ అమెరికా విశ్వవిద్యాలయమున ఆడినవాడే. మన బిడ్డలకు మనము చూపలేని గురువును పరదేశపు కళాశాల చూపుచున్నది. అనంతపురమున 2010లో నడాల్ పేర గ్రామీణాభివృద్ధి సంస్థవారితో కలసి ఒక టెన్నిసు పాఠశాల నెలకొల్పబడినది. కరవుసీమలో బీదపిల్లల చేతికి రాకెట్టు ఇచ్చుటకు స్పెయినునుండి ఒకడు రావలసివచ్చెను. అతనికి మన కృతజ్ఞత. మనకు కొంత సిగ్గు. మన జిల్లా పట్టణములలో క్లబ్బులు లేవా? వాటిలో కోర్టులు లేవా? సాయంకాలము అధికారులును, వకీళ్లును, మావంటివారును గంటసేపు ఆడి చీట్లాటకు లేచిపోవుదురు. మనకు బంతులు కొట్టి పెట్టు మార్కరు, చిన్నతనముననే బంతులందించుచు ఆట నేర్చినవాడు, కోర్టు మూలన నిలుచుండును. అతని కంటికి తెలిసినంత ఆట మనలో ఎవరికిని తెలియదు. అతనికి శిక్షణ ఇప్పించి శిక్షకునిగా జేయవలెనను ఊహ మనకెన్నడైన కలిగినదా?

బీదదేశమున ధనికుల ఆటకు ధనమేలయని ఆక్షేపింపవచ్చును. నాగల్ ధనికుని బిడ్డ కాడు; ఉపాధ్యాయుని బిడ్డ. గురువునకు సొమ్ము లేనందుననే ఇది ధనికుల ఆటగా మిగిలినది. ఆ సొమ్ము ప్రజాసంస్థ లిచ్చిననాడు బీదలది కూడ యగును. గెలిచిన మరునాడు పూలదండలకు, సభలకు, నగదు బహుమానములకు పోటీపడు ప్రభుత్వములును ధనవంతులును గలరు. ఆ ధనములో కొంత గెలుపునకు ముందు ఇచ్చినచో చాలును.

మా సూచనలు నాలుగు. మొదటిది: ఏటేట ఆరుగురు యువతీయువకులను ఏరి, వారితో తిరుగు శిక్షకుల జీతమును, ప్రయాణవ్యయమును మూడేండ్లవరకు భరింపవలెను, నడుమ ఓడినను, గాయపడినను ఆపరాదు. గాయపడినవానికే అది ఎక్కువ అవసరము. రెండవది: ఒక్కొక్కరికి ఒక్కొక శిక్షకుడు మోయరాని భారమైనచో, ముగ్గురు కలసి ఒకే పోటీలకు ఒకే శిక్షకునితో పోవు ఏర్పాటు చేయవలెను. మూడవది: ఆడి విరమించిన మన ఆటగాండ్రను, క్లబ్బుల మార్కర్లను పిలిచి, శిక్షకవిద్య నేర్పి, జీతమిచ్చి జిల్లాలకు పంపవలెను. నాలుగవది: సహాయము పొందినవాడు ఆరోగ్యముగ నున్నంతకాలము డేవిస్ కప్పునకు తప్పక ఆడుదునని ఒడంబడిక వ్రాసియియ్యవలెను. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును వ్రాతమూలముగ కట్టుబడినచో, పత్రికలకెక్కి దూషించుకొను దుస్థితి తప్పును.

మరల బీల్ నగరమునకు వచ్చెదము. డేవిస్ కప్పునకు ఒక విశేషము గలదు. తక్కిన పోటీలలో ఆటగాడు వైపు మారునపుడు కుర్చీలో ఒంటరిగా కూర్చుండును. డేవిస్ కప్పులో జట్టు నాయకుడు కోర్టుమీదనే అతని ప్రక్కన కూర్చుండును; నీళ్లందించును, తువాలందించును, మాటందించును. ఈ ఆచారము చిరకాలముగా నున్నది. ఏడాది పొడవున ఒంటరిగా ఓడుచు వచ్చిన యువకుడు, ప్రక్కన మనుష్యుడున్న ఆ రెండు దినములు ఇద్దరిని ఓడించెను. దీనినుండియే సర్వము రుజువైనదని మేమనము. ఇది న్యాయస్థానమున నిలుచు సాక్ష్యము కాకపోవచ్చును. కాని ఆలోచింపదగిన సాక్ష్యము. ఆ రెండు దినముల కుర్చీని తక్కిన దినములకును వేయించుట మనకు అసాధ్యమా? ఝజ్జరు పల్లెలో గాని, అనంతపురపు బయలున గాని, నేడు ఒక బిడ్డ గోడకు బంతి కొట్టుకొనుచుండును. ఆ బిడ్డ చేయి జారిననాడు, ఏమి జరిగినదో చెప్పుటకు ఒకడు ప్రక్కన నుండునట్లు చేయుడు.